తూటా లేని తుపాకి

ఆ రోజు నేను, మూతి నుంచి నింపే నా తుపాకిలో మందు పోయడం మరిచిపోయాను. అప్పటికి ఏడు గుండ్లు సక్రమంగానే కాల్చాను. ఏడో దానికీ ఎనిమిదో దానికీ మధ్య పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన ఏదో అడిగితే, ఆయనకు జవాబు చెబుతూనే గొట్టం మూతి మీద గుడ్డముక్క పరిచి, గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా దట్టించి, గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో రంజకం (నిప్పంటించడానికి వేసే సన్నటి మందు) వేసి, గురి చూసి మీట నొక్కాను. గిన్నెలో భగ్గుమంది, పొగ లేచింది, అంతే. లోపల నిప్పు నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కనుక, ఒక నిమిషం పాటు మూతిని గురిపలక వైపే ఉంచి కదలకుండా నిలబడ్డాను. మళ్లీ రంజకం వేసి మళ్లీ నొక్కాను. మళ్లీ భగ్గుమనడమే తప్ప గుండు కదల్లేదు. మూడోసారికి ఆ పెద్దాయన టోపీ సర్దుకుంటూ, ముఖంలో నవ్వు కనిపించనీయకుండా, "మందు పోశావా?" అని అడిగారు.

పోయలేదు. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. నా కడ్డీ మీద నేనే కత్తితో గీసుకున్న గీతలు రెండున్నాయి. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీని అడుగుదాకా దించితే మొదటి గీత సరిగ్గా మూతి అంచుకు వస్తుంది. 70 గ్రెయిన్ల తూకం మందూ, దాని మీద గుండూ ఉన్నప్పుడు రెండో గీత అంచుకు వస్తుంది. ఆ రోజు మందు లేదు కాబట్టి రెండో గీత దాదాపు అంగుళంన్నర మేర గొట్టం లోపలికి దిగిపోయింది. నా పిడికిలి కిందే, నా కళ్లెదుటే దిగిపోయింది, నేను చూడలేదు. చివరికి గొట్టం పక్కనున్న చెవి బెజ్జం (నిప్పు లోపలికి వెళ్లే చిన్న రంధ్రం) గుండా సన్నటి మందును సూదితో కొద్దికొద్దిగా లోపలికి నెట్టి, గుండు అడుగునే ఉందని కడ్డీతో మరోసారి రూఢి చేసుకుని కాల్చాను. 'ఫట్' అని నీరసంగా చప్పుడు చేసి గుండు కొద్ది గజాల అవతల మట్టిలో పడింది.

ఈ ముచ్చట ఫోనులో చెబితే మా బాబాయి, "ఒరేయ్, నాటు తుపాకి కొనుక్కోవడానికా నువ్వు అమెరికా వెళ్లింది?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. మన పత్రికల్లో మూతి నుంచి మందు కూరే తుపాకి ఊసు వచ్చేది నాటు తుపాకి అనో, భర్మార్ తుపాకి అనో, అదీ అడవి పందుల వేటలో ఎవరికో గుండు తగిలిందన్న వార్తలోనో, పోలీసులు స్వాధీనం చేసుకున్న ఆయుధాల చిట్టాలోనో మాత్రమే. అయితే ఆ భర్మార్ అన్న హిందీ మాటను విడదీసి చూస్తే నేను చెప్పదలచుకున్నది అందులోనే ఉంది. 'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు, ఇక్కడ కాల్చు అని. ఈ తుపాకికి నింపడం కాల్చడానికి ముందు జరిగే చిల్లర పని కాదు, పేరులోనే సగం వాటా దానిది. తూటాను మరెవరో, మరెక్కడో తయారుచేసి డబ్బాలో పెట్టి అమ్మే ఏర్పాటు ఇక్కడ లేదు. ప్రతి గుండుకూ నేను కాల్చేవాణ్నే కాక తూటా తయారుచేసేవాణ్ని కూడా. నా గొట్టమే నా కర్మాగారం. ఈ తుపాకిని ఇష్టపడడానికైనా, దీన్ని చూసి భయపడడానికైనా ఇదొక్కటే సరైన కారణమని నా వాదన. దీని గురించి ఇష్టంగా మాట్లాడేవాళ్లూ, తేలిగ్గా మాట్లాడేవాళ్లూ కూడా తరచుగా ఈ కారణాన్ని వదిలేసి వేరే వాటిని పట్టుకుంటారు.

నా దగ్గరున్నది పెన్సిల్వేనియా పద్ధతి లాంగ్ రైఫిల్. 18వ శతాబ్దంలో అక్కడి లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ తుపాకి కమ్మరులు తమ దేశంలో వాడే పొట్టి, లావుపాటి యేగర్ వేట తుపాకిని సాగదీసి, సన్నం చేసి దీనికి రూపమిచ్చారు. నాది పాతది కాదు. గొట్టం, రాయితో నిప్పు పుట్టించే చెకుముకి యంత్రం, సగం చెక్కిన మేపుల్ కర్ర విడివిడిగా పెట్టెలో వస్తే, ఒక చలికాలమంతా కూర్చుని బిగించుకున్నాను. యంత్రం పలకకు దీపపు మసి పూసి, కర్రలో తొలిచిన గుంటలో కూర్చోబెట్టి తీస్తే, మసి అంటిన చోటల్లా కర్ర ఎక్కువగా ఉన్నట్టు లెక్క. అక్కడ ఉలితో ఒక్క పొర గీకి, మళ్లీ మసి పూసి, మళ్లీ కూర్చోబెట్టాలి. నాలుగు వారాంతాలు ఆ ఒక్క గుంటకే సరిపోయాయి. గొట్టం 42 అంగుళాల పొడవు, లోపలి వ్యాసం అర అంగుళం, లోపలి గాళ్లు (గోడలో చెక్కిన సన్నటి చాళ్లు) 66 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున నెమ్మదిగా మెలి తిరుగుతాయి. గుడ్డలో చుట్టిన గుండ్రటి సీసపు గుండుకు ఆ నిదానమైన మెలికే సరిపడుతుంది.

నింపడం ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి. మందు కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకూడదు. ముందటి గుండు తాలూకు నిప్పురవ్వ ఒక్కటి లోపల మిగిలి ఉన్నా, చేతిలో ఉన్న కొమ్మంతా బాంబవుతుంది. కొమ్ములోంచి కొలతగొట్టంలోకి, అందులోంచి తుపాకిలోకి పోయాలి. ఈ నల్లమందు (అభిని కాదు, బ్లాక్ పౌడర్ అనే తుపాకి మందు) 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిపి చేసినది. 70 గ్రెయిన్లంటే సుమారు నాలుగున్నర గ్రాములు, అరచేతిలో పోస్తే ఆవాల కుప్పలా ఉంటుంది. గొట్టం పక్క మీద అరచేత్తో రెండు తట్లు తట్టి, నూనె పూసిన నూలు గుడ్డముక్కను మూతి మీద పరిచి, దాని మీద మెత్తని సీసపు గుండు పెట్టాలి. గుండు వ్యాసం గొట్టం వ్యాసం కంటే అంగుళంలో వందో వంతు తక్కువ, ఆ సందును గుడ్డ పూడుస్తుంది. గాళ్లను పట్టుకుని తిరిగేది నిజానికి గుడ్డే, గుండు దానితోపాటు తిరుగుతుంది. కడ్డీని పట్టుకునేటప్పుడు మూతికి జానెడు ఎత్తులోనే పట్టుకుని పొట్టి పొట్టి నెట్లతో దించాలి. పైకొసను పట్టుకుని ఒక్క ఊపున తోస్తే కర్ర కడ్డీ వంగి, నిలువునా చీలి, ఆ చీలిక అరచేతిలో దిగిపోతుంది. గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. ఇంతా అయ్యాక మూతిని గురి వైపు తిప్పి, గిన్నెలో చిటికెడు రంజకం వేసి, ఉక్కు పలక మూసి, అప్పుడు చెకుముకి రాయి బిగించిన సుత్తిని పూర్తిగా వెనక్కు లాగాలి. ఈ క్రమంలో ఏ మెట్టు ఎక్కడ తప్పినా దాన్ని పట్టుకునే యంత్రమేదీ తుపాకిలో లేదు.

కడ్డీ మీద గీతలు ఎందుకో తెలియాలంటే అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్ దాకా వెళ్లాలి. 1863 జులైలో ఆ పోరు ముగిశాక మైదానంలో ఏరిన 27,000కు పైగా తుపాకుల్లో సుమారు 24,000 దట్టించినవి దట్టించినట్టే ఉన్నాయనీ, అందులో సగం తుపాకుల్లో రెండేసి మోతాదులు, కొన్ని వేల తుపాకుల్లో అంతకు మించి కూరి ఉన్నాయనీ, ఒకదానిలోనైతే ఏకంగా 23 మోతాదులు పడ్డాయనీ తర్వాత వచ్చిన లెక్క చెబుతుంది. ఆ సైనికులకు మనిషిని చంపే మనసు రాలేదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. నేనంత దూరం వెళ్లను. నాకు అందులో కనిపించేది ఇంకా సాదా సంగతి. చుట్టూ వేల తుపాకులు మోగుతున్నప్పుడు తన భుజానికి ఆనిన తుపాకి పేలిందో లేదో మనిషికి తెలియలేదు, తుపాకి చెప్పలేదు. నింపినదీ ఖాళీదీ బయటికి అచ్చం ఒకేలా ఉంటాయి. నేను మందు మరిచిన రోజున నా చెవిలో మోగింది పక్కాయన ప్రశ్న ఒక్కటే, దానికే నా లెక్క తప్పింది.

చట్టం దీన్ని ఎలా చూస్తుందన్నది వేరే కథ, కొంత విడ్డూరమైన కథ కూడా. అమెరికా ఫెడరల్ చట్టంలో, 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం, 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకులను ప్రాచీనమైనవిగా లెక్కిస్తారు. నల్లమందుతో మాత్రమే కాలుస్తూ, తయారైన తూటాలు పట్టని విధంగా కట్టిన నేటి మూతి తుపాకులు కూడా అదే లెక్కలోకి వస్తాయి. అంటే ఫెడరల్ నిర్వచనంలో నా తుపాకి తుపాకే కాదు. గుమ్మం దగ్గరికి పార్సిల్‌లో రావచ్చు. నాకు అలాగే వచ్చింది. కొన్ని రాష్ట్రాలు ఇంత ఉదారంగా ఉండవు. విడ్డూరమేమిటంటే, అదే ప్రభుత్వం దృష్టిలో అందులో పోసే నల్లమందు మాత్రం పేలుడు పదార్థమే. ప్రాచీన తుపాకుల్లో వినోదానికి, క్రీడకు వాడుకునేవాళ్లకు 50 పౌండ్ల దాకా మినహాయింపు ఇచ్చారు కాబట్టి మాలాంటివాళ్ల పని జరుగుతోంది.

ఈ నిర్వచనంలో న్యాయం లేదని నేననను. నిమిషానికి ఒక్క గుండు కాల్చడమే గగనమైన ఆయుధాన్నీ, మీట నొక్కినంతసేపూ గుండ్లు కురిపించేదాన్నీ ఒకే గాటన కట్టకపోవడం సబబే. కాల్పుల వేగం చట్టానికి మంచి కొలబద్ద. నాకు అభ్యంతరం ఆ నిర్వచనం జనం నోట్లో పడి మారే తీరు మీద. "అది తుపాకి కాదుగా, పాత కాలపు బొమ్మ" అంటూ దీన్ని పిల్లల చేతికిచ్చి ఫొటోలు తీసేవాళ్లను చూశాను. అర అంగుళం వ్యాసమున్న 11 గ్రాముల సీసపు గుండు 75 గజాల దూరంలో ఉన్న దుప్పిని పడగొడుతుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే చెకుముకి తుపాకుల వేట కాలమంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. ఎదుట ఉన్న ప్రాణికి ఒక్క గుండు చాలు. రెండో గుండు ఎంత ఆలస్యంగా వస్తుందన్నది మొదటి గుండు తగిలినవాడికి పట్టని విషయం. తూటా తుపాకి కంటే దీనితో ఒక ప్రమాదం అదనంగానే ఉంది. అందులోనైతే తూటాను బయటికి లాగి జేబులో వేసుకోవచ్చు. దీన్ని ఖాళీ చేయడానికి సులువైన దారి కాల్చడమే.

దీన్ని పొగిడేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అమెరికా స్వాతంత్ర్యాన్ని లాంగ్ రైఫిలే సాధించిపెట్టిందని గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లు ఏ కాల్పుల మైదానానికి వెళ్లినా ఇద్దరైనా తగులుతారు. 1775 జూన్ 14న కాంటినెంటల్ కాంగ్రెస్ (తిరగబడిన వలసల ప్రతినిధుల సభ) పది రైఫిల్ దళాలను సమకూర్చమని తీర్మానించిన మాట నిజమే. అందులో ఆరు పెన్సిల్వేనియావి, రెండు మేరీలాండ్‌వి, రెండు వర్జీనియావి. కానీ ఆ స్వాతంత్ర్య యుద్ధం మొత్తం మీద ఇరువైపులా సైన్యాల భారం మోసినది గాళ్లు లేని నున్నటి గొట్టపు మస్కెట్లే. వాటిలో గుండు వదులుగా జారిపోతుంది, నింపడం త్వరగా అవుతుంది, మూతికి బయొనెట్ అనే కత్తి బిగించవచ్చు. రైఫిల్‌కు దూరపు గురి ఉండేది గాని ఈ రెండూ ఉండేవి కావు. రైఫిల్ పట్టినవాడు గుండు నింపుకునేలోపు బయొనెట్ పట్టుకున్నవాడు మీదికొచ్చేస్తాడు. పైగా ఈ తుపాకి పడమటి దిక్కుకు నడిచింది ఎవరి నేలల మీదుగానో కూడా గుర్తుంచుకోవాలి. ఆ నేలల స్వంతదారులైన డెలావేర్, షానీ ఆదివాసీ జాతుల వేటగాళ్లు కూడా ఇదే రైఫిల్‌ను కోరి సంపాదించుకున్నారు. ఇటువైపు సంగతికొస్తే, అదే శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం, నౌకాదళం కాల్చిన మందులోని సురేకారంలో చాలా భాగం బీహారు మట్టిలోంచి వెళ్లింది. కొమ్ము మూత తీసినప్పుడల్లా నాకు ఆ సంగతి మనసులో మెదులుతుంది. కీర్తిగానాలు వినేటప్పుడు చెవులు కొంచెం మూసుకోవడానికి అది సాయపడుతుంది.

ఇక తరచుగా వినిపించే మరో మాట, ఈ తుపాకి ఓర్పు నేర్పుతుందని. నాకు నేర్పలేదు. బ్యాంకు వరసలో నేను ఇప్పటికీ అంతే విసుక్కుంటాను. నెమ్మదిగా జరిగే పని చేస్తే నెమ్మది అలవడుతుందనుకోవడం ఉత్త మాట. ఈ తుపాకి నేర్పేది ఓర్పు కాదు, ఎవరి తప్పు వారి పేర రాయడం. తూటా తుపాకి పేలకపోతే తూటా తయారుచేసినవాణ్ని తిట్టుకోవచ్చు. ఇక్కడ తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు. మందు తడిసిందా, దాన్ని అలా ఉంచింది నేనే. రాయి అంచు మొద్దుబారిందా, చూసుకోనిది నేనే. గుడ్డ పలచనైందా, కత్తిరించింది నేనే.

ఇందుకు కంటికి కనిపించే రుజువు ఒకటుంది. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతూ కిందికి దూకుతుంది. పలక నుంచి చెక్కుకుపోయిన సన్నటి ఉక్కు రజనే మండుతూ నిప్పురవ్వలై గిన్నెలో పడుతుంది. రంజకం భగ్గుమంటుంది, ఆ వేడి చెవి బెజ్జం గుండా లోపలి మందును అంటిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది, కానీ రెప్పపాటు కూడా తక్కువ కాలమేమీ కాదు. ముఖానికి జానెడు దూరంలో మంట లేచిందన్న బెదురుతో భుజం ఉలిక్కిపడడానికి అది చాలు. మామూలుగా తుపాకి పేలినప్పుడు ఈ ఉలికిపాటును ఆ పేలుడు అదురు కప్పేస్తుంది. నేను మందు మరిచిన రోజున గిన్నె మాత్రమే మండి గొట్టం పేలలేదు కదా, అప్పుడు కప్పడానికి ఏమీ లేదు. మూతి నాలుగు వేళ్ల మేర కిందికి వంగి ఆగింది. రెండేళ్లుగా నా గుండ్లు గురికి దిగువన పడుతుంటే గురిముల్లును ఆకురాయితో రుద్దుకుంటూ వచ్చాను. తప్పు ముల్లులో లేదని ఆ రోజే తెలిసింది. స్కాట్లాండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతబోధకుడు, గిన్నెలో మంట కనబడగానే పక్షులు ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బకు పేలే రసాయనంతో నడిచే యంత్రానికి 1807లో పేటెంటు పొందాడు. చెకుముకి యుగానికి కాలం చెల్లడం అక్కడ మొదలైంది. ఆయన పక్షుల బెదురు గురించి ఆలోచించాడు. నా ఇబ్బంది నా బెదురే.

ఆ తర్వాతి కథంతా మనిషి చేతిలోంచి ఒక్కొక్క మెట్టూ జారిపోయిన కథే. 1985లో టోనీ నైట్ అనే తుపాకుల తయారీదారు తెచ్చిన నమూనాతో, సుత్తి పక్కన కాక గొట్టం వెనుకే వరసలో ఉండే కొత్తరకం మూతి తుపాకులు ఊపందుకున్నాయి. మందు బిళ్లలుగా వచ్చింది, గుండు ప్లాస్టిక్ తొడుగులో వచ్చింది, పైన దుర్భిణి చేరింది. 2020లో వచ్చిన ఒక నమూనాలో గుండు మాత్రమే మూతి నుంచి నింపాలి. మందు ఫ్యాక్టరీలో మూసిన డబ్బీలో ఉంటుంది, దాన్ని వెనుక నుంచి దూర్చాలి. దుప్పి బాధపడకుండా త్వరగా చావాలంటే ఇవి మేలైన పనిముట్లని నేను ఒప్పుకుంటాను. వేటకు వెళ్లేవాడు వాటిని వాడితే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ వాటినీ నా దాన్నీ ఒకే పేరుతో పిలవడం నాకు మింగుడుపడదు. సగం తూటా తిరిగొచ్చింది, మిగతా సగం దారిలో ఉంది.

కాల్చిన రోజు సాయంత్రం పనికి మాత్రం మినహాయింపు లేదు. నల్లమందు మండగా మిగిలేదాంట్లో సగానికి పైగా ఘనపదార్థమే. కొంత పొగగా పోతుంది, మిగతాది గొట్టం గోడలకు మసిలా అంటుకుని గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి గాళ్లలో ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. నూనెలూ ద్రావకాలూ అక్కర్లేదు, నీళ్లు చాలు. చెవి బెజ్జంలో పుల్ల బిగించి, గొట్టం నిండా నీళ్లు పోసి, కాసేపు ఉంచి వంచితే సిరా రంగులో వస్తాయి, కుళ్లిన గుడ్ల కంపు కొడతాయి. నాలుగోసారికి తేరుకుంటాయి. ఆ తర్వాత పొడి గుడ్డముక్కలు, అవి తెల్లగా వచ్చేదాకా. అప్పుడు పలచగా నూనె. మా ఇంట్లో ఈ కార్యక్రమానికి స్నానాలగది నిషిద్ధం. పెరట్లో, కుళాయి దగ్గర.

మొన్న అలా కడుగుతుండగానే బాబాయి వీడియో కాల్ చేశాడు. తుపాకి మూతి నా గడ్డం పక్కనే కనిపించేసరికి ఆయన గొంతు మారింది.

"ఒరేయ్, అందులో గుండుందేమో!"

"లేదు బాబాయ్."

"లేదని నీకెలా తెలుసు? ఆ రోజు మందుందనే అనుకున్నావుగా?"

జవాబు చెప్పలేదు. మూతిని పక్కకు తిప్పి, ఫోనును మెట్టుకు ఆనించి, కడ్డీని గొట్టంలోకి వదిలాను. అడుగున ఇనుము తగిలి ఠంగుమంది. మొదటి గీత మూతి అంచుకు సరిగ్గా వచ్చి ఆగింది. ఫోనును దగ్గరగా జరిపి ఆ గీతను ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాడు.